గడప వద్దకు వచ్చిన మైక్రోఫోను

మద్రాసు రేడియో కేంద్రము 1938వ సంవత్సరము జూన్ 16వ తేదీన ప్రారంభమైనది. ఆ కేంద్రమునుండి తెలుగు పిల్లలకు కథలు చెప్పి, పాటలు పాడించి, వారిచేత 'రేడియో అక్కయ్య' యని పిలిపించుకొన్న న్యాయపతి కామేశ్వరిగారిని, 'రేడియో అన్నయ్య' రాఘవరావుగారిని ఎరుగని పిల్లలు ఆనాడు రేడియో గల తెలుగిండ్లలో అరుదు. స్త్రీ రేడియోలో ప్రవేశించుటకు పిల్లల కార్యక్రమము మొదటి ద్వారమగుట మన దేశమున మాత్రమే జరిగిన సంగతి కాదు. అంతకు నాలుగేండ్ల ముందు, 1934లో, ఇంగ్లండు ఉత్తరభాగమునందలి మాంచెస్టరు నగరమున ఇరువదినాలుగేండ్ల యువతి యొకతె ఆ ద్వారముననే బీ.బీ.సీ. సంస్థలో అడుగుపెట్టెను. ఆమె పేరు ఆలివ్ షాప్లీ. ఆ ద్వారమున ప్రవేశించి ఆమె ఎచ్చటెచ్చటికి పోయెనో, నడుమ ఏ ద్వారము ఆమె ముఖముమీద మూయబడెనో మా సోదరీమణులకు తెలుపుటకై ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

ఈమె 1910వ సంవత్సరము ఏప్రిల్ 10వ తేదీన లండను నగరములోని పెకాం అను పేటలో జన్మించెను. తండ్రి పారిశుద్ధ్యశాఖలో తనిఖీ యుద్యోగి. దక్షిణాఫ్రికా రచయిత్రియు, స్త్రీల హక్కులకై కలము పట్టినదియు నగు ఆలివ్ ష్రైనరు మీది గౌరవముచేత తలిదండ్రులు బిడ్డకు ఆ పేరు పెట్టిరి. ఆక్స్‌ఫర్డులో సెంట్ హ్యూస్ కళాశాలయందు ఆమె చరిత్ర చదివెను. అనంతరకాలమున ఇంగ్లండు ప్రభుత్వమున మంత్రిపదవి నలంకరించిన బార్బరా కాజిల్ అచ్చట ఆమెకు స్నేహితురాలు. విద్యార్థిదశలో కొన్నాళ్లు కమ్యూనిస్టు పక్షమున చేరినందున, పిదప కొన్ని సంవత్సరములవరకు ప్రభుత్వపు గూఢచారశాఖవారు ఆమెపై ఒక కన్నువేసి యుంచిరి. పిల్లలకు కథలు చెప్పుకొను అమ్మాయి వెంట గూఢచారులేమని మాకు నవ్వు వచ్చినది గాని, ఆమె తరువాత చేసిన పనిని చూచినచో వారి భయము పూర్తిగా నిరాధారమని చెప్పజాలము.

మాంచెస్టరులో ఆమెకు దొరకిన ఉద్యోగము 'చిల్డ్రన్స్ అవర్' అను పిల్లల కార్యక్రమమును నడపుట. నాడు కార్యక్రమములు దాదాపు అన్నియు ప్రత్యక్షముగా ప్రసారమగునవే. మైక్రోఫోను ముందు దగ్గు వచ్చినను, మాట తడబడినను, ఆ క్షణముననే దేశమంతయు వినును. ఒకమారు డరహాము ప్రాంతపు బొగ్గుగనుల కార్మికులను పిలిచి మాటలాడించుచుండగా వారు ఇంటివద్దవలెనే తిట్లు దొర్లింపసాగిరి. వారికది దూషణము కాదు, మాటకు ఊతపదము. ఆలివ్ వెంటనే ఒక అట్టమీద ఏయే తిట్లు పలుకరాదో ఆ తిట్లనే పెద్ద అక్షరములతో వ్రాసి, వారి కన్నులయెదుట ఎత్తి పట్టుకొనెను! మర్యాదగల ఇంట పుట్టి ఆక్స్‌ఫర్డులో చదివిన పిల్ల ఆ మాటలను స్వహస్తముతో వ్రాసి పట్టుకొని నిలిచిన దృశ్యమును ఊహించుకొనుడు.

ఈ చిన్న సంగతిలో ఒక పెద్ద చిక్కు దాగియున్నది. ఆనాటి రేడియోలో కూలివాడు గాని, గృహిణి గాని తన మాటను తాను చెప్పుట దాదాపు అసాధ్యము. ముందుగా వారివద్ద సంగతులు రాబట్టి, కాగితముమీద చక్కగా వ్రాసి, పెద్దలచేత సరిచూపించి, మరల వారిచేతనే ఆ కాగితమును చదివింపవలెను. అక్షరములు కూడదీసికొని చదువువాని కంఠమున జీవము ఎచ్చటనుండి వచ్చును? వంటయింటిలో గలగల మాటలాడు స్త్రీని తీసికొనివచ్చి, దుప్పట్లు కట్టినట్లు నిశ్శబ్దముగా నుండు గదిలో కూర్చుండబెట్టి, చేతికొక కాగితమిచ్చినచో, ఆమె తన మాటలనే పరాయిమాటలవలె చదువును. రేడియోలో వినబడు శుద్ధమైన ఉచ్చారణమంతయు లండను పెద్దమనుష్యులది. దేశమున బొగ్గు త్రవ్వువారి, నూలు వడకువారి, అంట్లు తోమువారి కంఠములు ఆ పెట్టెలోనుండి వినబడుట మిక్కిలి అరుదుగా నుండెను.

మాంచెస్టరు కార్యాలయమున కార్యక్రమముల అధిపతి ఆర్చీ హార్డింగు. ఇతడు లండనులో నున్నప్పుడు ఒక ప్రసారముచేత పోలండు రాయబారికి ఆగ్రహము తెప్పించినాడు. అంతట బీ.బీ.సీ. సర్వాధికారియైన జాన్ రీత్, నీవు అపాయకరమైన మనుష్యుడవు, ఉత్తరదేశమునకు పోయినచో అంత చెరుపు చేయజాలవని చెప్పి పంపినట్లు ఒక కథ కలదు. రీత్ లెక్క తప్పినది. ఆ ఉత్తరదేశముననే హార్డింగు యువకులను, యువతులను చేరదీసి, సామాన్యప్రజల మాటలను సామాన్యప్రజల నోటనే వినిపింపుడని ప్రోత్సహించెను. వారిలో ఆలివ్ ఒకతె.

ఆమెకు సాధనముగా దొరకినది ఒక మోటారుబండి. బీ.బీ.సీ.వారు ధ్వనిని ముద్రించుటకు చేయించిన ఆ వాహనము ఇరువదియేడు అడుగుల పొడవు. సామగ్రి నింపినప్పుడు ఏడు టన్నులకు పైబడిన బరువు. వేగము గంటకు ఇరువది మైళ్లకు మించదు. లోపల ఇరుప్రక్కల గ్రామఫోనువంటి తిరుగుడు పళ్లెములు రెండు. ఒక్కొక్క పళ్లెముమీద నాలుగు నిమిషముల మాట మాత్రమే పట్టును. అది నిండులోపల రెండవదానిని తిప్పవలెను. ఎవరైన కష్టసుఖములు చెప్పుకొనుచు కంటతడి పెట్టుకొను సమయమునకే పళ్లెము నిండిపోవుట ఎంత విసుగో ఆలోచింపుడు! నేడు మన చేతిసంచిలో ఇమిడిపోవు ఫోనే ఈ పనియంతయు చేయుచున్నది. ఆనాడు ఏనుగును తోలుకొనిపోయినట్లు ఆ బండిని ఇరుకు వీధులలోనికి తీసికొనిపోవలసి వచ్చెను.

అయినను ఆమె దానిని తీసికొనిపోయెను. బండి వీధిలో నిలుచును; తీగ ఇంటిలోనికి పోవును; మైక్రోఫోను గృహిణి బల్లమీద కూర్చుండును. ఇంతవరకు మనుష్యులు మైక్రోఫోను వద్దకు పోవుచుండిరి. ఇప్పుడు మైక్రోఫోనే మనుష్యుల గడప తొక్కెను. రాత్రులు సరుకు లారీలు నడపువారిని గూర్చియు, కాలువలమీద పడవలలోనే కాపురము చేయువారిని గూర్చియు, నిలువనీడ లేక సత్రములలో పరుండువారిని గూర్చియు 1937 మొదలు 1939 వరకు ఆమె వరుసగా కార్యక్రమములు చేసెను. ఒక కార్యక్రమము కేవలము ఇంటి బజారు ఖర్చును గూర్చినదే. వారమునకు వచ్చు కూలిడబ్బులో ఎంత దేనికి పోవును, కొట్టులో ఏది కొందురు, ఏది చూచి ఊరకుందురు అన్నది అందలి విషయము. రాజకీయోపన్యాసములు చెప్పవచ్చు సర్వజ్ఞులకు ఇది అల్పవిషయముగా తోచి యుండును. చీరకొంగున డబ్బులు ముడివేసికొని నెల గడుపు మనకు అట్లు తోచదు.

ఆమె కార్యక్రమములలో మాకు మిక్కిలి నచ్చినది 1939లో చేసిన 'మైనర్స్ వైవ్స్', అనగా గని కార్మికుల భార్యలు. డరహాము ప్రాంతమున క్రాగ్‌హెడ్ అను బొగ్గుగనుల పల్లెకు ఆమె పోయి, అచ్చటి స్త్రీల దినచర్యను వారి నోటనే చెప్పించెను. గనిలో పనిచేయువాని భార్యకు పగలు రాత్రి భేదము లేదు. మగడొక పాళికి, పెద్దకొడుకొక పాళికి, చిన్నకొడుకింకొక పాళికి పోవుచుందురు. ఎవడు వచ్చినను వాని బొగ్గుమసి కడుగుటకు వేడినీళ్లు సిద్ధముగా నుండవలెను. ఎవడు పోవుచున్నను వానికి అన్నము సిద్ధముగా నుండవలెను. పొయ్యి ఆరుట యనునది లేదు. గని కూలినదని వినబడునేమో యను భయము అన్నిటికిని మీద. ఆలివ్ ఇంతటితో ఆగలేదు. ఆ పల్లెలోని గృహిణి నొకతెను వెంటబెట్టుకొని సముద్రము దాటి ఫ్రాన్సు దేశమున బెతూన్ సమీపముననున్న మరియొక గనుల పల్లెకు పోయెను. ఆ యింగ్లీషు గృహిణి ఫ్రెంచి కార్మికుని ఇంట బసచేసి, వారి వంటను, వారి పెరటిని, వారి చాకిరిని చూచి, తాను కన్నదానిని కాగితము లేకుండ తన మాటలలోనే శ్రోతలకు చెప్పెను.

దీనిలోని క్రొత్తదనమును గమనింపవలెను. ఇరుగుపొరుగు దేశముల సంగతి చెప్పవలసివచ్చినచో నాటి రేడియోవారు రాయబారినో, ఆచార్యునో, పత్రికాసంపాదకునో పిలుచుట సంప్రదాయము. ఆలివ్ ఒక గృహిణిని పిలిచెను. ఒక పొయ్యిని చూచి రెండవ పొయ్యి సంగతి తేల్చుటకు ఆచార్యునికంటె ఆమెయే తగినదని ఆలివ్ తలంచినది. ఆ సంవత్సరముననే యుద్ధము వచ్చెను.

అదే 1939లో ఆమె జోన్ లిటిల్‌వుడ్ అను యువతితో కలిసి 'ది క్లాసిక్ సాయిల్' అను కార్యక్రమము చేసెను. ఈ జోన్ అనంతరము ఇంగ్లండు నాటకరంగమున గొప్ప పేరు గడించినది. ఏంగెల్సు అను జర్మను విద్వాంసుడు 1840ల నాటి మాంచెస్టరు కూలివారి దుర్దశను ఒక గ్రంథమున వర్ణించెను. నూరేండ్లు గడచినవి గదా, ఏమి మారినదని అదే నగరమున పేదల యిండ్లకు పోయి వారు అడిగిరి. చీకటిగదులు, చెమ్మగోడలు, చాలని కూలి, రోగములు. గృహిణులు దాపరికము లేకుండ చెప్పిరి. ఇది వినుటకు సుఖమైన కార్యక్రమము కాదు. బీ.బీ.సీ. ప్రసారము చేసినవాటిలో ఇంత పక్షపాతముగలది మరియొకటి లేదేమో యని ఆలివ్ స్వయముగా ముసలితనమున ఒప్పుకొనెను. మారిన మంచిని వదలి మారని చెడునే చూపితిమని ఆమె భావము. ఒప్పుకొనుట ఆమె గొప్పదనమే. కాని ఆ గృహిణులు చెప్పినది అసత్యమని ఆమెయు అనలేదు.

ఇట్లు ఆమె పేరు ప్రకాశించుచున్న 1939లోనే వివాహము జరిగెను. వరుడు జాన్ సాల్టు, హార్డింగు తరువాత మాంచెస్టరులో కార్యక్రమముల అధిపతియైనవాడు. దంపతులిద్దరును ఒకే సంస్థలో ఉద్యోగము చేయరాదను నియమము బీ.బీ.సీ.లో నుండెను. ఇద్దరిలో ఎవరు మానవలెనను ప్రశ్నయే పుట్టలేదు. ఆలివ్ రాజీనామా ఇచ్చెను. ఐదేండ్లలో ఆమె నేర్చిన విద్యయంతయు, గని పల్లెలలో ఆమె సంపాదించిన నమ్మకమంతయు, మెడలో పెండ్లిహారము పడగానే సంస్థకు అక్కరలేనిదయ్యెను.

ఆమె యొక్కతెకే ఇట్లు జరిగెనని తలపవలదు. వివాహితలను ఉద్యోగములలోనికి తీసికొనరాదనియు, ఉద్యోగినులు పెండ్లియాడినచో మానుకొనవలెననియు బీ.బీ.సీ.వారు 1932లో ఒక కట్టుబాటు చేసిరి. విశేషసామర్థ్యముగల వారిని ఏమి చేయవలెనన్న చిక్కు రాగా, 1934 మొదలు 1937 వరకు ఒక విచారణసంఘమును కూడ నడపిరి. పెండ్లియాడదలచిన ఉద్యోగిని ఆ సంఘమువారి తీర్పుకొఱకు వేచియుండవలెను. పురుషుడు పెండ్లియాడినచో స్థిరపడినాడని సంతోషింతురు. స్త్రీ పెండ్లియాడినచో పని చెడునని శంకింతురు! యుద్ధకాలమున పురుషులు దండులో చేరి చేతులు చాలకపోగా, 1944లో ఆ కట్టుబాటు ఎత్తివేయబడెను.

రాజీనామా ఇచ్చినను ఆలివ్ మైక్రోఫోనును విడువలేదు. జీతము లేదు, పదవి లేదు; ఒక్కొక్క కార్యక్రమమునకు ఇంతయని పుచ్చుకొని పనిచేసెను. యుద్ధకాలమున భర్తకు న్యూయార్కులోని బీ.బీ.సీ. కార్యాలయమున పెద్ద పదవి లభింపగా ఆమెయు అమెరికాకు పోయెను. అచ్చటనుండి ఇంగ్లండులోని పిల్లలకు అమెరికా సంగతులు జాబువలె చెప్పు ప్రసారమును నడపెను. ఆలిస్టరు కుక్ అను ఆయన చేసిన 'లెటర్ ఫ్రం అమెరికా' ప్రసారములు లోకప్రసిద్ధములు. అవి 1946లో గాని మొదలుకాలేదు. ఆలివ్ జాబులు అంతకు ముందటివి. రాష్ట్రపతి భార్య ఎలినార్ రూజ్‌వెల్టుతోను, గాయకుడు పాల్ రాబ్సన్‌తోను ఆమె సంభాషణలు జరిపెను.

ఇంగ్లండునకు తిరిగివచ్చిన కొలదికాలమునకే, 1947 డిసెంబరులో, జాన్ సాల్టు మరణించెను. ముప్పదియేడేండ్ల విధవ, ముగ్గురు చిన్నపిల్లలు. భర్త యుండగా ఆమె యుద్యోగమును అనవసరమన్న లోకము ఇప్పుడు ఆమెను ఏ ఆధారముతో బ్రతుకుమనును? ఈ ప్రశ్నను ఆనాటి నియమకర్తలలో ఒక్కరైన తమలో తాము వేసికొనిరో లేదో యని మేము అనుకొనుచుందుము. ఆమెను ఆదుకొన్నది ఆమె విడువకుండ పట్టుకొనియున్న విద్యయే.

1946వ సంవత్సరము అక్టోబరు 7వ తేదీన బీ.బీ.సీ.వారు 'వుమన్స్ అవర్' అను స్త్రీల కార్యక్రమమును ప్రారంభించియుండిరి. వేళ మధ్యాహ్నము రెండు గంటలు: ఇంటివారి భోజనములై, అంట్లు ముగిసి, పసిబిడ్డ నిద్రించు వేళ. వినోదమేమనగా, ఈ స్త్రీల కార్యక్రమమును మొదట నడపినవాడు ఒక పురుషుడు! శ్రోతలు ఊరకుండక ఉత్తరములు వ్రాసిరి. తమతో చిన్నపిల్లలతో మాటలాడినట్లు మాటలాడుచున్నారని కొందరికి కోపము వచ్చినది. కొలదికాలములోనే స్త్రీలే ఆ స్థానమునకు వచ్చిరి. ఆలివ్ 1949లో ఆ కార్యక్రమమునకు నిర్వాహకురాలై, నడుమ నడుమ విడుపులతో ఇరువదియేండ్లకు పైగా దానితో సంబంధము కలిగియుండెను.

వంటలు, కుట్టుపని, పిల్లల పెంపకము అందుండెను. వానితోపాటు బాహాటముగా ఎవరును పలుకని సంగతులును వచ్చెను. నడివయసున ఋతువు నిలిచిపోవునప్పుడు శరీరమునకును మనస్సునకును కలుగు బాధను గూర్చి 1940ల చివరనే వైద్యులచేత చెప్పించిరి. ఒంటెత్తున ఆవిరులు వచ్చుట మొదలైన మాటలు రేడియోలో వినవలసివచ్చినందుకు ఉన్నతోద్యోగులు కొందరు సిగ్గుపడి అభ్యంతరము తెలిపిరి. స్త్రీలు మాత్రము సిగ్గుపడలేదు; తమ బాధకొక పేరున్నదని తెలిసినందుకు సంతోషించిరి. ఒంటరిగా బ్రతుకుటను గూర్చియు ఆ కార్యక్రమమున మాటలు నడచెను. ఆ విషయమును ప్రస్తావించునప్పుడు ఆలివ్ చేతిలోని కాగితము అక్కర లేకుండియే మాటలాడగలిగి యుండును. వుమన్స్ అవర్ నేటికిని ప్రసారమగుచున్నది.

1952లో ఆమె క్రిస్టఫరు గోర్టన్ అను మాంచెస్టరు వర్తకుని రెండవ వివాహము చేసికొని, ఆ నగరపు పొలిమేరలో డిడ్స్‌బరీయందు 'రోజ్ హిల్' అను పెద్ద యింట కాపురముండెను. ఆ దశాబ్దమున టెలివిజనులో స్త్రీల కార్యక్రమములలో కనబడుచు వచ్చెను. 1959లో ఆ రెండవ భర్తయు గతించెను. అప్పుడామెకు నలుబదితొమ్మిదేండ్లు.

ఆ ఏటనే ఆమె బీ.బీ.సీ.వారి టెలివిజను శిక్షణతరగతిలో విద్యార్థినిగా చేరెను. రేడియోలో పాతికేండ్లు పండిన స్త్రీ, తన పిల్లల వయసువారి సరసను కూర్చుండి, కెమెరా ఎచ్చట నిలుపవలెను, దీపము ఎటునుండి పడవలెను అని నేర్చుకొనెను. మాటతో బొమ్మ కట్టుట ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఇప్పుడు బొమ్మయే యెదుట నిలిచి, మాటను తగ్గించుకొమ్మనుచున్నది. ఆ శిక్షణ ముగించి మాంచెస్టరులోనే టెలివిజను నిర్మాతయై, 'సంథింగ్ టు రీడ్' అను పుస్తకముల కార్యక్రమము మొదలైనవానిని నడపెను. టెలివిజనులో ఆమె చేసినది మంచిపనియే గాని, గని పల్లెలలో ఏడు టన్నుల బండితో చేసిన పనికి సాటిరాదని మా యభిప్రాయము. ఆమెయు తన తొలిరోజుల పనినే ముందు తలచుకొనుచుండెడిదని చదువరులకు ఆమె గ్రంథమువలన తోచును.

రోజ్ హిల్ సంగతి చెప్పవలసియున్నది. పిల్లలు పెద్దవారై వెడలిపోగా అంత పెద్దయింట ఆమె ఒంటరియయ్యెను. 1960ల నడుమ ఒక ధర్మసంస్థను ఏర్పరచి, ఆ యింటి గదులను దిక్కులేని తల్లులకు, వారి బిడ్డలకు విడిచెను. పెండ్లికాక తల్లులైన యువతులను కన్నవారే వెళ్లగొట్టు కాలమది. అట్టి పిల్లలు చంటిబిడ్డల నెత్తుకొని వచ్చి ఆమె యింట ఉండిరి. ఆమెయు ఆ కప్పుక్రిందనే వారితోపాటు నివసించెను. 1970ల చివర వియత్నామునుండి పడవలలో ప్రాణములు అరచేత పట్టుకొని వచ్చిన కాందిశీకులకును ఆ యింటనే చోటు కల్పించెను. పూర్వము నిలువనీడ లేనివారి మాటలు వినుటకు ఆమె మైక్రోఫోను తీసికొని పోయినది. ఇప్పుడు వారే ఆమె గడప తొక్కివచ్చిరి. 1981లో ఆ యిల్లు అమ్మివేసెను.

ఎనుబదియారవ యేట, 1996లో, కుమార్తె సాయముతో తన జీవితకథను అచ్చువేయించెను. దానికి 'బ్రాడ్‌కాస్టింగ్ ఎ లైఫ్' అని పేరు. ఒక జీవితమును ప్రసారము చేయుటయని ఒక అర్థము. ప్రసారము చేయుటయే జీవితమైనదని మనము ఇంకొక అర్థము చెప్పుకొనవచ్చును. మూడేండ్లకు, 1999 మార్చి 13వ తేదీన, వేల్సు దేశములో ఆమె కన్నుమూసెను.